ఆక్సెల్ జంప్ కథ – ఒకటిన్నర చుట్టు నుంచి నాలుగున్నర దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఒక జంప్ గురించి. గాల్లోకి లేచిన దగ్గర్నుంచి మళ్ళీ కింద దిగేదాకా ఒక్క సెకను కూడా పట్టదు. కానీ ఆ సెకను లోపు పనిలో ఒక్కొక్క చుట్టు పెంచుకుంటూ రావడానికి మనుషులకి మొత్తం 140 ఏళ్ళు పట్టింది. 1882లో ఒకటిన్నర చుట్టు. 1948లో రెండున్నర. 1978లో మూడున్నర. 2022లో నాలుగున్నర. ఫిగర్ స్కేటింగ్‌లో దీన్ని ఆక్సెల్ అంటారు.

మొదటి మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య 66 ఏళ్ళు, తర్వాత 30, ఆ తర్వాత 44. ఎందుకింత ఆలస్యం? ఆ ఆలస్యాన్ని ఎవరు, ఎలా దాటారు? ఈ రోజు మన ప్రశ్న అదే.

ముందు జంప్ సంగతి అర్థం చేసుకుందాం. లేకపోతే ఈ చరిత్రంతా ఉత్త పేర్ల జాబితా అయిపోతుంది.

స్కేటు బ్లేడు చూసి చాలామంది అది కత్తిలా ఒకే పదును అనుకుంటారు. కాదు. దాని మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అడుగున పొడవునా సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు. కాలి లోపలి వైపుది లోపలి అంచు, బయటి వైపుది బయటి అంచు. ఇక బ్లేడు ముందు కొసన రంపం పళ్ళలాంటివి ఉంటాయి, వాటిని టో పిక్ అంటారు. ఏ కాలి మీద, ఏ అంచు మీద, ఏ దిశలో వెళ్తూ ఎగిరారు అన్నదాన్ని బట్టే జంప్ పేరు మారుతుంది. గాల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా ఎగిరే క్షణంలోనే.

పోటీల్లో ప్రధానంగా ఆరు జంప్‌లు. టో లూప్, సాల్కోవ్, లూప్, ఫ్లిప్, లుట్జ్, ఆక్సెల్. మొదటి ఐదింటిలో స్కేటర్ వెనక్కి జారుతూ ఎగురుతాడు, వెనక్కి జారుతూనే దిగుతాడు. ఆక్సెల్ ఒక్కటే ముందుకి వెళ్తూ, ఎదురుగా చూస్తూ ఎగిరే జంప్. దిగడం మాత్రం అన్నిటిలాగే వెనక్కి. ముందుకి ఎగిరి వెనక్కి దిగాలంటే అరచుట్టు అదనంగా తిరగక తప్పదు కదా. అందుకే సింగిల్ ఆక్సెల్ అంటే ఒకటిన్నర చుట్టు, ట్రిపుల్ అంటే మూడున్నర. పేరులో కనిపించని ఆ అరచుట్టే ఈ కథకంతా మూలం.

ఇప్పుడు ఒక్కో అడుగూ చూద్దాం. ఎక్కువమంది ఎడమవైపుకి తిరుగుతారు కాబట్టి వాళ్ళనే ఉదాహరణగా తీసుకుందాం. స్కేటర్ కుడికాలి మీద వెనక్కి జారుతూ వస్తాడు. ఒక్కసారిగా ముందుకి తిరిగి ఎడమకాలి బయటి అంచు మీదకి అడుగు వేస్తాడు. ఆ మోకాలు బాగా వంగుతుంది. చేతులు రెండూ వెనక ఉంటాయి. అక్కణ్ణుంచి కుడికాలు, రెండు చేతులు ఒకేసారి ముందుకీ పైకీ విసిరి, ఎడమ మోకాలు చాచి లేస్తాడు. లుట్జ్, ఫ్లిప్ లాంటివాటిలో రెండో కాలి టో పిక్ ఐస్‌లో గుచ్చి దాన్ని గెడకర్రలా వాడుకోవచ్చు. ఇక్కడ ఆ ఆసరా లేదు. ఒంటికాలి అంచే ఆధారం.

గాల్లోకి లేవగానే ఇంకో పని ఉంది. ఒంటి బరువు ఎడమవైపు నుంచి కుడివైపుకి మారాలి. ఎందుకంటే దిగేది కుడికాలి మీద. బరువు మార్చుకుంటూనే చేతులు గుండెకి దగ్గరగా లాక్కోవాలి, ఎడమకాలిని కుడికాలి మీదుగా మెలి వెయ్యాలి. ఇలా ఒళ్ళు ఎంత సన్నగా ముడుచుకుంటే అంత వేగంగా తిరుగుతారు. తిరిగే కుర్చీలో కూర్చుని చేతులు చాచి తిరుగుతూ, హఠాత్తుగా చేతులు ముడవండి. కుర్చీ వేగం పెరుగుతుంది. అదే సూత్రం. దిగేటప్పుడు దీనికి సరిగ్గా ఉల్టా. చేతులు, కాలు విప్పేస్తే వేగం తగ్గి, కుడికాలి బయటి అంచు మీద వెనక్కి జారుతూ వెళ్ళిపోతారు.

ఇక లెక్క చూడండి. మనిషి గాల్లో 0.7 సెకను ఉండాలంటే సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు ఎగరాలి. బ్లేడు ఐస్ వదిలేముందు కొంచెం తిరిగిపోతుంది, దిగేటప్పుడు ఇంకొంచెం మినహాయింపు ఉంటుంది. అవి రెండూ తీసేసినా, నాలుగున్నర చుట్ల జంప్‌లో గాల్లో నాలుగు చుట్లు తిరగాల్సిందే. నాలుగు చుట్లు 0.7 సెకనులో అంటే నిమిషానికి 340 చుట్ల వేగం. మనింట్లో సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో దాదాపు అంతే తిరుగుతుంది. ఆ వేగంలో తిరుగుతున్న మనిషి 4 మిల్లీమీటర్ల బ్లేడు మీద, ఒంటికాలితో దిగాలి అన్నమాట.

సరే, ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. ఆక్సెల్ అనేది ఒక మనిషి పేరు. ఆక్సెల్ పాల్సెన్. నార్వే దేశస్థుడు, 1855లో పుట్టాడు. ఊరు క్రిస్టియానియా, అంటే ఇప్పటి ఓస్లో. చిత్రం ఏంటంటే, సాల్కోవ్ జంప్‌కి పేరిచ్చిన ఉల్రిక్ సాల్కోవ్, లుట్జ్ జంప్‌కి పేరిచ్చిన అలోయిస్ లుట్జ్, వీళ్ళిద్దరివీ ఇంటిపేర్లే నిలిచాయి. పాల్సెన్ విషయంలో మాత్రం ఇంటిపేరు పోయి సొంతపేరు మిగిలింది.

1882లో వియన్నాలో ఒక పెద్ద అంతర్జాతీయ స్కేటింగ్ పోటీ జరిగింది. పాల్సెన్ ఆ పోటీలో ఈ ఒకటిన్నర చుట్టు జంప్ చేసి చూపించాడు. అతను వేగంగా పరిగెత్తే స్పీడ్ స్కేటింగ్‌లో కూడా పేరుమోసినవాడు. అందుకే ఆ రోజు పొడవాటి రేసింగ్ స్కేట్ల మీదే దూకాడని చెబుతారు. ముందుకి దూసుకెళ్ళడం అలవాటైన మనిషి ముందుకే చూస్తూ దూకాడంటే వింత కాదు మరి.

మరి ఒకటిన్నర నుంచి రెండున్నరకి వెళ్ళడానికి 66 ఏళ్ళు ఎందుకు? ఒళ్ళు చాలక కాదు, ఆట లెక్క వేరు. ఆ రోజుల్లో ఫిగర్ స్కేటింగ్ అంటే పేరులో ఉన్నట్టే ఫిగర్స్. ఐస్ మీద బ్లేడుతో సున్నాలు, ఎనిమిది అంకెలు, మెలికలు గియ్యడం. ఒకసారి గీసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ గియ్యాలి. జడ్జీలు వంగి ఆ గీతలు చూసి మార్కులు వేసేవాళ్ళు. 1960ల చివరిదాకా మొత్తం మార్కుల్లో 60 శాతం వీటికే. మనింటి ముందు ముగ్గు వేసేవాళ్ళకి ఈ విద్య విలువ బాగా తెలుస్తుంది. అదీ గొప్ప నైపుణ్యమే. కాకపోతే రోజులో ఎక్కువ గంటలు దానికే పోతే, జంప్ మీద ప్రాణం పెట్టేదెవరు?

ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా ఇరుకు. 1902లో బ్రిటన్‌కి చెందిన మ్యాడ్జ్ సయర్స్ ప్రపంచ పోటీలో మగవాళ్ళతో కలిసి దిగి, సాల్కోవ్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. నిబంధనల్లో ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా లేదు, ఎందుకంటే వస్తారని ఎవరూ అనుకోలేదు. ఆ మరుసటి ఏడాదే రాకూడదని నిబంధన పెట్టారు. 1920 యాంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ థెరెసా వెల్డ్ సాల్కోవ్ జంప్ చేస్తే, ఆడపిల్లకి ఇది తగదని జడ్జీలు మందలించారు. ఎగిరితే లంగా పైకి లేస్తుందట! ఆమె కాంస్యం గెలిచింది. జంప్ మానలేదు కూడా. ఆ తర్వాత నార్వే నుంచే వచ్చిన సోన్యా హేనీ పొట్టి గౌన్లతో, ఆక్సెల్ జంప్‌తో 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచేసరికి ఆ వాదనకి బలం పోయింది.

1948కి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగిపోయిన ఒలింపిక్స్ మళ్ళీ మొదలయ్యాయి. స్విట్జర్లాండ్‌లో సెయింట్ మోరిట్జ్. ఆరుబయట రింక్. అమెరికా కుర్రాడు డిక్ బటన్‌కి 18 ఏళ్ళు. అతని గురువు గుస్తావ్ లుస్సీ, లేక్ ప్లాసిడ్ అనే ఊళ్ళో నేర్పేవాడు. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. డబుల్ ఆక్సెల్ బటన్‌కి అంతకుముందు ఎప్పుడూ సరిగ్గా పడలేదు. పోటీ ముందు రోజు ప్రాక్టీసులో మొదటిసారి పడింది. ఫిగర్స్ అయిపోయేసరికి అతనే ముందున్నాడు. జాగ్రత్తగా ఆడితే చాలు, స్వర్ణం చేతికొచ్చే పరిస్థితి.

ఇక్కడ మీరు ఆలోచించండి. జీవితంలో ఒక్కసారే సరిగ్గా వచ్చిన జంప్‌ని, ముందంజలో ఉన్నప్పుడు, ఒలింపిక్స్‌లో ఎవరైనా చేస్తారా? బటన్ చేశాడు. దిగాడు. స్వర్ణం గెలిచాడు. 1952 ఓస్లో ఒలింపిక్స్‌లో మొట్టమొదటి ట్రిపుల్ జంప్ కూడా అతనిదే, అది లూప్. ఆడవాళ్ళలో డబుల్ ఆక్సెల్ మొదట చేసింది అమెరికాకే చెందిన క్యారల్ హైస్, 1953లో.

ట్రిపుల్ ఆక్సెల్‌కి మరో 30 ఏళ్ళు ఆగాలి. ఈ లోపు ఫిగర్స్ మార్కులు తగ్గుతూ వచ్చాయి. టీవీ వచ్చింది. ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి గీతలు కనిపించవు కదా, జంప్‌లే కనిపిస్తాయి. 1978లో కెనడా రాజధాని ఒటావాలో ప్రపంచ పోటీలు. ఆ దేశపు స్కేటర్ వెర్న్ టేలర్ ట్రిపుల్ ఆక్సెల్ వేశాడు. దిగడం అంత కుదురుగా లేదు, కానీ నిలబడ్డాడు. జడ్జీలు ఒప్పుకున్నారు. టేలర్ ఎప్పుడూ ప్రపంచ విజేత కాలేదు. చరిత్రలో అతని పేరు ఉన్నది ఆ ఒక్క జంప్ వల్లే. ఒలింపిక్స్‌లో దాన్ని మొదట చేసింది మరో కెనడా స్కేటర్ బ్రయన్ ఓర్సర్, 1984 సారయేవోలో.

ఇప్పుడు నా దృష్టిలో ఈ కథకే గుండెకాయ లాంటి ఘట్టం. మిదోరి ఇటో. జపాన్‌లో నగోయా అమ్మాయి. ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు. ఫిగర్స్ గియ్యడంలో వెనకబడేది, జంప్‌లలో ఆడవాళ్ళెవరూ దగ్గరికి కూడా రాలేకపోయేవాళ్ళు. 1988లో ట్రిపుల్ ఆక్సెల్ చేసిన మొదటి మహిళ అయింది. 1989లో పారిస్‌లో ప్రపంచ విజేత అయింది. ఫిగర్ స్కేటింగ్‌లో ప్రపంచ టైటిల్ ఆసియాకి రావడం అదే మొదలు. 1991లో అమెరికా జాతీయ పోటీల్లో టోన్యా హార్డింగ్ ఈ జంప్ చేసి రెండో మహిళగా నిలిచింది. 1994లో నాన్సీ కెరిగన్ మీద జరిగిన దాడి వ్యవహారంలో ఆమె పేరు మునిగిపోయి, ఈ సంగతి జనం మరిచిపోయారు.

1992 ఆల్బర్‌విల్ ఒలింపిక్స్. ఇటో స్వర్ణం తెస్తుందని జపాన్ అంతా ఎదురుచూస్తోంది. ప్రాక్టీసులో ట్రిపుల్ ఆక్సెల్ సరిగ్గా పడటం లేదు. దాంతో మొదటి రోజు ప్రోగ్రామ్‌లో దాన్ని తీసేసి, దాని బదులు తేలికైన ట్రిపుల్ లుట్జ్ పెట్టుకుంది. భద్రమైన దారి అనుకున్నారు. ఆ లుట్జ్ మీదే పడిపోయింది. నాలుగో స్థానం.

రెండో ప్రోగ్రామ్‌లో ట్రిపుల్ ఆక్సెల్ వేసింది. పడిపోయింది. ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. ప్రోగ్రామ్ చివరికొచ్చేసరికి కాళ్ళు అలిసిపోయి ఉంటాయి, ఊపిరి అందదు. అలాంటప్పుడు ఇటో మళ్ళీ అదే జంప్‌కి వెళ్ళింది. ఈసారి దిగింది. ఒలింపిక్స్‌లో ట్రిపుల్ ఆక్సెల్ చేసిన మొదటి మహిళ. స్వర్ణం క్రిస్టీ యమగూచికి వెళ్ళింది, ఇటోకి రజతం. కానీ భద్రమైన దారిలో పడిన మనిషి, కష్టమైన దారిలో కూడా పడి, మళ్ళీ అదే దారిలో లేచి దిగడం... ఆ కొద్ది నిమిషాల వీడియో దొరికితే తప్పకుండా చూడండి.

ఆమె వేసిన దారిలో 2010 వాంకూవర్‌లో మావో అసాదా వచ్చింది. ఆమెదీ నగోయానే. ఒకే ఒలింపిక్స్‌లో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు చేసింది, మొదటి ప్రోగ్రామ్‌లో ఒకటి, రెండోదాంట్లో రెండు. అయినా స్వర్ణం దక్షిణ కొరియా అమ్మాయి కిమ్ యునాకి వెళ్ళింది. అంటే ఈ జంప్ చేస్తే పతకం గ్యారంటీ అనేమీ లేదు. ఇది ముఖ్యమైన విషయం.

దీని వెనక మార్కుల లెక్క కూడా ఉంది. ప్రతి జంప్‌కి ఒక మూల విలువ ఉంటుంది. ట్రిపుల్ ఆక్సెల్‌కి 8 పాయింట్లు. నాలుగు చుట్ల లుట్జ్‌కి 11.5. మరి నాలుగున్నర చుట్ల క్వాడ్ ఆక్సెల్‌కి ఎంత? ఒకప్పుడు 15 ఉండేది. 2018లో దాన్ని 12.5కి తగ్గించారు. అంటే క్వాడ్ లుట్జ్ కంటే ఒక్క పాయింటే ఎక్కువ. పడితే చాలా పోతుంది, చుట్టు తక్కువైతే మూల విలువే తగ్గుతుంది. లాభనష్టాలు చూసుకునే మనిషి ఎవడూ దాని జోలికి పోకూడదు. నిబంధన ఆ మాట నోటితో అనలేదు, అంకెలతో అనేసింది.

అయినా ఒకాయన పోయాడు. యుజురు హన్యూ. 2014 సోచి, 2018 ప్యాంగ్‌చాంగ్, వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు అప్పటికే ఇంట్లో ఉన్నాయి. హాయిగా వీడ్కోలు చెప్పేయొచ్చు. కానీ నాలుగున్నర చుట్టు మిగిలిపోయింది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి ప్రోగ్రామ్‌లోనే దురదృష్టం. ఐస్‌లో గుంట తగిలి సాల్కోవ్ పోయింది, ఎనిమిదో స్థానం. తర్వాత ప్రాక్టీసులో చీలమండ గాయం. ఆ కాలితోనే రెండో ప్రోగ్రామ్ మొదట్లోనే క్వాడ్ ఆక్సెల్‌కి లేచాడు. తిరిగాడు, దిగాడు, పడిపోయాడు. చుట్టు కొంచెం తక్కువైందని జడ్జీలు తేల్చారు. కానీ స్కోరు షీటులో దాన్ని క్వాడ్ ఆక్సెల్‌గానే రాశారు. అంతర్జాతీయ పోటీలో ఆ పేరుతో నమోదైన మొదటి జంప్ అదే. అంటే అధికారిక చరిత్రలో క్వాడ్ ఆక్సెల్ మొదటి నమోదు ఒక పడిపోవడం! పతకం రాలేదు, నాలుగో స్థానం.

ఏడు నెలల తర్వాత, 2022 సెప్టెంబర్‌లో, అమెరికా కుర్రాడు ఇలియా మాలినిన్ దాన్ని శుభ్రంగా దిగాడు. వయసు 17. అమ్మానాన్నలు ఇద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్ ఆడిన స్కేటర్లు. ఎక్కడ దిగాడో తెలుసా? లేక్ ప్లాసిడ్‌లో. డిక్ బటన్ గురువు పాఠాలు చెప్పిన ఊరే. హన్యూ ప్రయత్నమే తనకి ప్రేరణ అని మాలినిన్ చెప్పాడు. 2024లో మాంట్రియల్‌లో ఆ జంప్‌తో కలిపి ఆరు క్వాడ్‌లు చేసి ప్రపంచ విజేత అయ్యాడు.

ఇదంతా మనకెంత దూరం అనిపించొచ్చు. ఐస్ మనకి దూరమే, జంప్ అంత దూరం కాదు. చక్రాల స్కేట్ల మీద ఆడే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో కూడా ఇదే ఆక్సెల్ ఉంది, ఇదే పేరుతో. ఆ ఆటలో మన హైదరాబాద్‌కి చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

రెండో వైపు కూడా చెప్పుకోవాలి. ఈ జంప్‌లు మోకాళ్ళని, తుంటిని, చీలమండని తినేస్తాయి. దిగే ప్రతిసారీ ఒంటి బరువుకి ఎన్నో రెట్ల దెబ్బ ఒక్క కాలి మీద పడుతుంది. చిన్న పిల్లల ఒళ్ళు సన్నగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది. దాంతో పిల్లల్నే తోసే ప్రమాదం వచ్చింది. చివరికి 2022లో అంతర్జాతీయ సంఘం సీనియర్ పోటీలకి కనీస వయసుని 15 నుంచి 17కి దశలవారీగా పెంచాలని నిర్ణయించింది. ఎవరి ధైర్యాన్నైనా మెచ్చుకునేముందు, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆ మనిషా, వెనక ఉన్న పెద్దలా అన్నది కూడా అడగాలి.

ఇప్పుడు మొదట్లో వేసుకున్న ప్రశ్నకి జవాబు. ఆలస్యానికి కారణం ఒళ్ళు ఒక్కటే కాదు. ఆటలో దేనికి విలువ కడతారో ఆ లెక్క కూడా కారణం. ఫిగర్స్‌కి 60 శాతం ఇచ్చిన రోజుల్లో జంప్ ఆగింది. ఆడవాళ్ళు ఎగరకూడదన్న రోజుల్లో సగం మంది ఆగారు. 12.5 పాయింట్లు మాత్రమే ఇస్తామన్నప్పుడు చాలామంది మానుకున్నారు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ లెక్కని పక్కన పెట్టారు. గెలుస్తూ ఉన్న బటన్ పెట్టాడు, పడిన ఇటో పెట్టింది, అన్నీ గెలిచేసిన హన్యూ పెట్టాడు. అందుకే ఎవరు మొదట దిగారన్న జాబితా మాత్రమే చదివితే ఈ చరిత్ర సగమే తెలుస్తుంది. ఎవరు ఎప్పుడు, ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడి ఎగిరారన్నది మిగతా సగం.

ఈసారి స్కేటింగ్ చూసేటప్పుడు ఒక్కటి గమనించండి. స్కేటర్ వెనక్కి జారుతూ వచ్చి, హఠాత్తుగా ముందుకి తిరిగి ఎగిరితే, అది ఆక్సెల్. ఇంకేదీ కాదు. అది ఒక్కటి గుర్తుపట్టడం వచ్చిందంటే ఆట సగం అర్థమైనట్టే. మీ ప్రశ్నలు, అభిప్రాయాలు తప్పకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.